వీడ్కోలు సభల వీసీ సారు

మా వీసీ సారు చనిపోయిండని రిజిస్ట్రారు గారు పొద్దుగాల ఫోన్ చేసి చెప్పంగనే, నా నోట్లకెల్లి వచ్చిన మొదటి మాట, "ముఖ్య అతిథి ఎవరు?"

అన్నంక నాలుక కరుసుకున్న. అవుతల రిజిస్ట్రారు గారు కూడ తప్పువట్టలే. "ఈసారి ఎవరూ లేరండీ" అన్నడు, ముక్కు ఎగబీలుసుకుంట. మా ఇద్దరికి అలవాటైన మాటలవి. ఆయన పొద్దుగాల ఫోన్ చేసిండంటే సారుకు వీడ్కోలు సభ ఉన్నట్టే. సభ ఉన్నదంటే ముఖ్య అతిథి ఎవరో నాకు తెల్వాలె, ఎందుకంటే మాట్లాడేది నేనే. మా యూనివర్సిటీల నాకు మైకు మేడం అని పేరు. కాంట్రాక్టు మీద ఎకనామిక్స్ చెప్పేటోళ్లకు గసొంటి పేర్లే వస్తయి, అవార్డులు రావు.

యూనివర్సిటీ అంటే మీరు గుమ్మటాలు, పెద్ద పెద్ద మెట్లు అనుకునేరు. మాది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల మూతవడ్డ ఫ్యాన్ల ఫ్యాక్టరీ. సర్కారు యూనివర్సిటీ అయితే పెట్టింది గని, దానికని చూపెట్టిన జాగ నాగారం అవుతల కోర్టు కేసుల వడ్డది. అందాక వీటిల్ల ఉండుండ్రి అని రెండు రేకుల షెడ్లు ఇచ్చిన్రు. ఆ 'అందాక' అట్లనే సాగింది. ముందటి షెడ్డుల పైన, ఎనకట ఫ్యాన్ల పెట్టెలు లేపిన క్రేను, దాని గొలుసు ఏలాడుకుంటనే ఉండె. నేను కింద డిమాండు, సప్లయి అని మొత్తుకుంటుంటే పిల్లలు పైన గొలుసు దిక్కు చూసెటోళ్లు. పేరుకు ఫ్యాన్ల ఫ్యాక్టరీ గని మాకు తిరిగే ఫ్యాను ఒక్కటి లేకుండె.

మా పీరియడ్లు పక్క కంపెనీ సైరన్ మీద నడిచినయి. వాళ్ల షిఫ్టు మారితే మా క్లాసు మారినట్టు. ఒకపాలి ఆ కంపెనీల సమ్మె అయ్యి సైరన్ బందయింది. చరిత్ర చెప్పే పెద్దసారు మొదలువెట్టిన పాఠం ఆపలే, ఎప్పుడు ఆపాల్నో ఆయనకు తెల్వలే. కాకతీయుల కాడ కూసున్న పిల్లలు నిజాం కాలం దాక అన్నం తినలే. అప్పుడు వీసీ సారు లేచి పోయి సమ్మె టెంటుల కూసున్నడు. మీ సమ్మె న్యాయమైందే తమ్మీ, గని సైరన్ ఒక్కటి ఆపకుండ్రి, మా పిల్లలు ఇంటికి పోవాలె అని అడిగిండు. వాళ్లు ఒకల మొకం ఒకలు చూసుకోని నవ్విన్రు. తెల్లారి నుంచి లోపల ఒక్క మిషన్ తిరగకున్నా, సమ్మెల ఉన్న కార్మికులే పోయి టైముకు సైరన్ మోగించి వచ్చి మళ్ల టెంటుల కూసున్నరు. మేనేజరు ఏమనలే. ఆయన బిడ్డ కూడ మా దగ్గర్నే చదువుతుండె.

సారు పొట్టి మనిషి. ఏ కాలమైనా బిస్కట్ రంగు సఫారీ తొడిగెటోడు. చదివింది రాళ్ల చదువు, జియాలజీ. అందుకని జేబుల ఎప్పుడు రాళ్లు ఉండేటివి, ఆ బరువుకు సఫారీ జేబులు రెండు తొడల దాక జారేటివి. ఏ గోడ కనవడ్డా వేలి కణుపుతోని టకటక కొట్టి చెవి పెట్టి ఇనెటోడు. మంత్రిగారి టేబుల్ కూడ గట్లనే కొట్టి చూసిండని రిజిస్ట్రారు గారు ఒట్టు పెట్టుకోని చెప్తడు. పైనుంచి గరంగరంగ కాయితం వస్తే సారు చదివి, మడిచి, దాని మీద జేబులున్న గ్రానైటు ముక్క పెట్టి, "సల్లారనీ" అనెటోడు. కొన్ని కాయితాలు ఇప్పటిదాంక సల్లారుతనే ఉండొచ్చు.

ఇగ వీడ్కోలు సభల ముచ్చటకొస్త. సారు పదవీకాలం అయిపోయిన నాడు మేము మస్తు ఘనంగ సభ చేసినం. షామియానా, పులిహోర, శాలువ, చార్మినార్ బొమ్మ, ఏ లోటు చెయ్యలే. నేను మాట్లాడుతుంటే ముందు వరుసల ఆడోళ్లందరు కొంగులు కండ్లకు అద్దుకున్నరు. సారు కారెక్కేదాక అందరం ఎంటవోయినం. తెల్లారి నేను పోయేసరికి సారు టిఫిన్ డబ్బ పట్టుకోని గేట్ల నిలవడ్డడు. రాత్రి పూలు ఊడుస్తున్న ఆమె చీపురు ఇడిచిపెట్టి, దయ్యాన్ని చూసినట్టు చూసింది. మాకు ఏమనాల్నో సమజ్ కాలే. నిన్ననే గదా అంతగనం ఏడ్చింది, మొకం ఎట్ల చూపెడ్తం?

"నా కుర్చీల కూసునేటోడు వచ్చిండా?" అని అడిగిండు సారు.

రాలే. కొత్త వీసీ ఫైలు పైన ఏడనో ఆగింది. చార్జి అప్పజెప్పాలంటే తీసుకునేటోడు ఉండాలె, తీసుకునేటోడు లేకుంటే ఇచ్చేటోడు ఎట్ల పోతడు? సారు సక్కగ లోపలికి పోయి కూసున్నడు. మళ్ల ఆర్డరు వచ్చేదాక మీరే ఉండుండ్రి అని కొన్నాళ్లకు పైనుంచి కాయితం వచ్చింది. ఆ మళ్ల ఆర్డరు ఏండ్లకేండ్లు రాలే.

ఆర్డరు రాలే గని పుకార్లు వచ్చినయి. కొత్తాయన పేరు ఖాయమైందట, సోమవారం వస్తడట అని ఎవరో అంటరు. మేము పరేషానయ్యి మళ్ల సభ చేసినం. ఈ రెండో సభకు పిలిచిన ముఖ్య అతిథి మా ఏరియా లీడరు ఒకాయన. నా ఉపన్యాసం ఇని ఆయనకు గుండె కరిగి, మైకు తీసుకోని, "సార్, ఎల్లిపోతున్నరు, ఆఖరిసారి ఏమన్న అడుగుండ్రి" అన్నడు. ఏమడుగుతడు, ఏదో మర్యాదకు ఏమొద్దంటడు అనుకున్నం. సారు లేచి, ఆడపిల్లల బాత్రూముల నీళ్లు వస్తలెవ్వు అన్నడు. ఆ లీడరు అందరి ముందట అడిగిండాయె, వెనకకు ఎట్ల తీసుకుంటడు? అదే వారం బోరు పడ్డది. పుకారు పుకారుగనే పోయింది, సారు ఆడ్నే ఉండె.

గప్పుడు సారుకు ఒక సంగతి సమజైంది. ఉండేటోడు ఏమడిగినా ఎవరు ఇయ్యరు. ఎల్లిపోయేటోడు అడిగితే కాదనరు. ఇగ చూసుకోండ్రి, మాకు ఏది కావాల్నన్నా సారుకు వీడ్కోలే. బెంచీలు కావాల్నా, వీడ్కోలు. ట్యూబులైట్లు కావాల్నా, వీడ్కోలు. మా గేటు ముందట సిటీ బస్సు ఆగక ఆడపిల్లలు మెయిన్ రోడ్డు నుంచి నడుసుకుంట వస్తుంటే, బస్సులకు సంబంధించిన ఆఫీసరును పిలిచి మస్తు పెద్ద వీడ్కోలు. ఆ ఆఫీసరు ఏడ్చుకుంట స్టాపు మంజూరు చేసిపోయిండు. ఒకసారి పిలిచినోళ్లను మళ్ల పిలవరాదు, అదొక్కటే రూలు. ఫ్లెక్సీ ఒక్కటే ఉండె, రిజిస్ట్రారు గారు సుట్టచుట్టి బీరువ మీద దాసెటోడు. సారు ఫోటో అదే, అతిథి ఫోటో మీద కొత్త అతిథి ఫోటో అంటువెట్టుడే. కప్పిన శాలువలన్ని పడమటి కిటికీలకు పరదాలైనయి. జరీ అంచుల నడుమ కూసోని పాఠాలు చెప్పిన ఎకనామిక్స్ టీచరు ఈ హైదరాబాద్ల నేనొక్కదాన్నే కావొచ్చు.

"నేనెట్లా ఎల్లిపోయేటోణ్ణి గదా" అనుడు సారుకు ఊతపదమైంది. గ్రాంటు ఆపిన ఆఫీసుకు పోయి గట్లనే అనెటోడు, వాళ్లు ఛాయ్ తాపెటోళ్లు. ధర్నా చెయ్యనీకి వచ్చిన పిల్లలతోని గట్లనే అనెటోడు, వాళ్లు జెండాలు మడుసుకోని బాధపడెటోళ్లు. ఆయన మీద కోపమున్నోళ్లు కూడ, పోయేటోనితోని కొట్లాట ఎందుకని ఊకున్నరు. ఊకె మాట మీద ఒక యూనివర్సిటీ నడుస్తదా అంటే నడిచింది, నేను చూసిన. కరోనా వచ్చి పోయినంక మా అసొంటి చిన్న సంస్థలకు పైసల కటకట ఎక్కువైంది. మా అంత నవ్వులాట యూనివర్సిటీ ఇంకోటి లేకుండె గని, అది మూతవడలే. దాన్ని మోసింది ఈ పొట్టి మనిషే.

చివరికి నిజంగనే ఆర్డరు వచ్చింది. అయితే అది కొత్త వీసీ వచ్చే ఆర్డరు కాదు, యూనివర్సిటీ మూసే ఆర్డరు. ఒక పెద్దాఫీసరు ఫలాన పొద్దున వచ్చి చార్జి తీసుకుంటడు. తీసుకోంగనే క్లాసులు, పరీక్షలు అన్ని బంద్. పిల్లలను సిటీకి ఆ చివరనున్న ఇంకో క్యాంపసుకు పంపుతరు, పరీక్షలు ఆడ ఎప్పుడన్న పెడ్తరు. ఆఫీసరు వచ్చే ఆ పొద్దుననే మా ఆఖరి సంవత్సరం పిల్లలకు పరీక్షలు మొదలు.

ఆ ఆర్డరు రాసినాయనకు మా పిల్లలు ఏడి నుంచి వస్తరో తెల్వదు. జవహర్‌నగర్, కాప్రా, నాగారం నుంచి ఒక్క బస్సుల వచ్చే ఆడపిల్లలు సగానికి ఎక్కువ. ఆ బస్సు మా గేటు కాడ ఆగుతదనే ఇంట్లోళ్లు పంపిన్రు. ఆ చివరికి అంటే ఎవరు పంపుతరు? నా క్లాసుల రేణుక అని జవహర్‌నగర్ పిల్ల ఉండె. తల్లి చెత్త డంపు కాడ ప్లాస్టిక్ ఏరుతది. ఆర్డరు సంగతి తెలిసిన్నాడు ఆ పిల్ల ఏడ్వలే, గొంతు కూడ మారలే. "మా అమ్మ ఒక్క మాటే చెప్పింది మేడం. ఈ పరీక్ష అయితే అయినట్టు, లేకుంటే ఎల్లుండి నుంచి నాతోని ఏరనీకి రా అన్నది" అన్నది.

ఆ మధ్యాహ్నం సారు నన్ను, రిజిస్ట్రారు గారిని పిలిచి తలుపు దగ్గరికేసిండు. టేబుల్ టకటక కొట్టి చూసిండు, అలవాటు.

"రేపు నన్ను నిజంగనే సాగనంపుతున్నరు. జర పొడుగ్గ సాగనంపుండ్రి" అన్నడు.

తర్వాత నిమ్మళంగ చెప్పిండు. మా రూల్సు ప్రకారం మొదటి సైరన్‌కు ప్రశ్నపత్రాలు ఇస్తరు. రెండో సైరన్‌కు గేటు మూసి హాజరు తీస్తరు. హాజరు పడ్డదంటే పరీక్షలు మొదలైనట్టే. మొదలైనంక అన్నీ అయిపోయేదాక ఎవరు ఆపరాదు, జాగ మార్చరాదు. ఆ రూలు ఎన్నడో ఎవరో రాసిన్రు, సారు రాయలే. ఇగ ఆ ఆఫీసరు చార్జి తీసుకుంటెనే పరీక్ష ఆపగలుగుతడు. తీసుకోకముందు చెల్లేది సారు మాటనే. అంటే మొదటి సైరన్ నుంచి రెండో సైరన్ దాక ఆయన చార్జి తీసుకోవద్దు. పాతోణ్ణి సాగనంపకుండ కొత్తోడు కుర్చీల కూసునుడు ఏడన్న ఉన్నదా? లేదు. కాబట్టి ముందటి షెడ్డుల వీడ్కోలు, ఎనక షెడ్డుల పరీక్ష. రిజిస్ట్రారు గారికి చెమటలు పట్టినయి. "రిటైర్మెంటు దగ్గర పడిందండీ నాకు" అన్నడు. అన్నడు గని, తెల్లారి అందరికన్న ముందు వచ్చి ఫ్లెక్సీ కట్టింది ఆయనే.

గజమాల ఆలోచన కూడ సారుదే. మా దిక్కు లీడర్లకు మనిషంత లావు పూలమాల క్రేనుతోని లేపి ఏసుడు చూసే ఉంటరు. మాకు క్రేను పైననే ఉండె. ఫిజిక్స్ సారు రాత్రంత గ్రీజు పూసి దాన్ని కదిలిచ్చిండు. ఉప్పల్ల పూలు తెచ్చి పిల్లలు బంతిపూల మాల గుచ్చిన్రు, అది నలుగురు మోస్తే లేసింది.

ఆఫీసరు టైముకు వచ్చిండు. మంచిగ చదువుకున్నోడు, మర్యాదస్తుడు, నడుము నొప్పికి బెల్టు పెట్టుకున్నడు. వచ్చుడు వచ్చుడే, ముందు చార్జి సంగతి చూద్దాం, పరీక్ష వాయిదా అని నోటీసు పెట్టాలి అన్నడు. సారు రెండు చేతులు జోడించి, చార్జి ఎటూ మీదే, నేనెట్లా ఎల్లిపోయేటోణ్ణి, పిల్లలు పూలు తెచ్చుకున్నరు, వాళ్ల ముచ్చట తీరనియ్యుండ్రి అన్నడు. ఆఫీసరు గడియారం చూసుకోని, పావుగంటల అయిపోవాలె అన్నడు. గప్పుడే పక్క కంపెనీ మొదటి సైరన్ మోగింది. ఎనక షెడ్డుల పేపర్లు పంచుతున్నరని మాకు తెలుసు, ఆయనకు తెల్వదు.

ఇద్దరిని పక్కపక్క కుర్చీలల్ల కూసోబెట్టి క్రేను నడిపిచ్చినం. మాల కిర్రు కిర్రుమనుకుంట దిగి, ఇద్దరి మెడలల్ల కలిపి పడ్డది. ఫోటోలు తీసిన్రు. మళ్ల పైకి లేపుదామంటే కరెంటు పోయింది. నిజంగ పోయింది. ఎవరు తీసెయ్యలే, నాచారంల కరెంటు పోవుడు మా చేతుల ఉన్నదా? ఫిజిక్స్ సారు గొలుసు గుంజిండు, రాలే. కిందికెల్లి వంగి బయటికి వద్దామని ఆఫీసరు చూసిండు, నడుము పట్టేసింది. అట్ల ఇద్దరు గొంతుల దాక బంతిపూలల్ల కూసున్నరు, తలకాయలు మాత్రం కనవడుకుంట. సారు మొకం మీద ఏ భావం లేకుండె.

మొదట రిజిస్ట్రారు గారు మాట్లాడిండు. భయానికి నమస్కారం, సెలవు అని దిగిపోయిండు. ఇగ మిగిలింది నేను. కరెంటు లేదు గని నాకు మైకు దేనికి? మొదలువెట్టిన. సారు పాండిత్యం చెప్పిన. ఓపిక చెప్పిన. పావుగంట అయింది, ఆఫీసరు కండ్లతోని చాలు చాలు అంటుండు. నేను బాల్యంలకు పోయిన. సారు బాల్యం నాకేం తెలుసు? అడవులల్ల పడి బడికి పోయెటోడని చెప్పిన, మూసీ వరదల ఈదిండని చెప్పిన. సారు పూలల్లకెల్లి నా దిక్కు చూసి ఒక్క కనుబొమ్మ లేపిండు. ఆయన పుట్టింది పెరిగింది రామంతపూర్ల, బడి ఇంటెనకనే అని నాకు తర్వాత తెలిసింది. అన్ని అబద్ధాలు ఒడిసిపోయినయి. సైరన్ ఇంక మోగలే. చెప్పనీకి ఏం లేక, చివరికి నిజం చెప్పుడు మొదలువెట్టిన.

కరోనా తగ్గి క్లాసులు తెరిచినప్పుడు సగం మంది పిల్లలు తిరిగి రాలే. అందరు ఫోన్లు చేసి ఊకున్నరు. సారు ఊకోలే. టిఫిన్ డబ్బ పట్టుకోని దినానికో గల్లీ తిరిగిండు. ఒకనాడు నన్ను కూడ ఎంట తీస్కపోయిండు, జవహర్‌నగర్‌కు. ఆడ ఒక తల్లి, బిడ్డ రేకుల గుడిసె ముందట కూసోని సీసాలు, డబ్బలు ఏరుతున్నరు. సఫారీ తొడుక్కోని, జేబులు జారి, బస్తాల నడుమ నిలవడ్డ సారును చూసి ఆ తల్లి పాత సామాన్ల షావుకారి అనుకున్నది. ఇనుము చూపెట్టింది, రాగి తీగ చూపెట్టింది, ఏం రేటిస్తవు చెప్పు అన్నది. మా సారు, ఒక యూనివర్సిటీకి వీసీ, నేను షావుకారిని కాదు అనలే. బస్తా మీద కూసోని ఆ ఇనుము ముక్క కొట్టి చూసి, మంచి ఇనుమమ్మ ఇది, తక్కువకు ఇయ్యకు అన్నడు. ఇంక మంచిది నీ దగ్గర ఇంకోటున్నది, అది నాకు కావాలె అన్నడు. ఏందది అన్నదామె. సారు ఆ పిల్ల దిక్కు చూసి, "నీ బిడ్డను రేపటి నుంచి మళ్ల చదువుకు పంపు" అన్నడు. ఆమె మస్తు తిట్టింది. సారు తిట్లన్ని తిని, టిఫిన్ డబ్బ తెరిచి, ఆమెకింత పెట్టి, ఆయనింత తిన్నడు. వారం దినాలు అట్లనే పోయిండు. వారం దినాలు అట్లనే తిట్లు తిన్నడు.

ఇన్ని సభలల్ల మందిని ఏడిపిచ్చిన గని నేను ఒక్కనాడు ఏడ్వలే. ఆ దినం కండ్లల్ల నీళ్లు గిర్రున తిరిగి మాట రాకుండయింది. సైరన్ ఇంక మోగలే. అయిపోయింది, కొంప ముంచిన అనుకున్న. ఇప్పుడు ఆఫీసరు లేస్తడు.

ఆఫీసరు లేవలే. పూలల్లకెల్లి మెడ సాచి, "ఆ అమ్మాయి మళ్ళీ చదువుకి వచ్చిందా?" అని అడిగిండు.

అడిగినోనికి జవాబు చెప్పుడు టీచర్ల అలవాటు, నోరు ఆగది. "వచ్చింది సార్. ఇప్పుడు ఎనక షెడ్డుల పరీక్ష రాస్తున్నది" అన్న.

అన్నంక సమజైంది ఏమన్ననో. రిజిస్ట్రారు గారు తల పట్టుకోని కుర్చీల కూలవడ్డడు. ఆఫీసరు నిమ్మళంగ సారు దిక్కు తిరిగిండు. రెండు తలకాయలు ఒకదాన్ని ఒకటి చూసుకున్నయి. సారు తల దించుకోలే, బతిమిలాడలే.

"ఇంకెంతసేపు?" అని అడిగిండు ఆఫీసరు.

"సైరన్ మోగేదాక" అన్నడు సారు.

ఆఫీసరు కొంచెం సేపు బంతిపూల దిక్కు చూసిండు. ఒక గిలాస నీళ్లు అడిగిండు. మాల మీదికెల్లి అందిస్తే తాగి, "మేడమ్, మీరు ఆపారేంటి? కానివ్వండి" అన్నడు. నేను ఏం మాట్లాడిన్నో నాకు యాదికి లేదు. మూసీ వరదలల్ల సారును మళ్ల ఈదిపిచ్చినట్టున్న. సైరన్ మోగినప్పుడు మేమెవ్వరం చప్పట్లు కొట్టలే, ఊపిరి పీల్చుకున్నం.

ఆ ఆఫీసరు దేవుడని నేను చెప్తలే. ఆ సాయంత్రమే ఆయన తన డ్యూటీ తాను చేసిండు. మోసం చేసి ప్రభుత్వ ఉత్తర్వును అడ్డుకున్నడని సారు మీద రిపోర్టు రాసిండు, ఎంక్వైరీ పడ్డది. గని పరీక్షలు మాత్రం ఆపలే, అన్ని పేపర్లు అయిపోయేదాక మా షెడ్లల్లనే జరిగినయి.

ఆనాడు కరెంటు వచ్చి మాల పైకి లేసేసరికి, నేను ఎనక షెడ్డుకు ఉరికిన, ఆడ డ్యూటీ ఉండె. టీచర్లందరం అట్లనే ఉరికినం. పిల్లలు పరీక్షల ఉన్నరు. రిజిస్ట్రారు గారు ఆఫీసరుకు కాయితాలు చూపెడ్తుండు. నేను బయటికొచ్చి చూస్తే సారు లేడు. తాళాలు ఇచ్చి, సంతకం పెట్టి, డబ్బ పట్టుకోని పోయిండని వాచ్‌మన్ చెప్పిండు. కారు ఇప్పుడు నాది కాదని బస్సు కోసం స్టాపుల చాలసేపు నిలవడ్డడట. ఎంట ఎవరన్న ఉన్నరా అని అడిగిన. ఎవరు లేరు మేడం, అందరు లోపలనే ఉన్నరు గదా అన్నడు. ఆ మాటకు నేను గేటు పట్టుకోని అట్లనే నిలవడ్డ. ఇన్ని సభలు చేసి, నిజంగ పోయిన్నాడు ఒక్కరం ఎంటవోలే.

యూనివర్సిటీ ఆ తర్వాత మూసేసిన్రు. ఆ షెడ్లు ఇప్పుడు ఎవరిదో గోదాము. బస్సు మాత్రం ఇంక ఆడ ఆగుతది. కండక్టరు "యూనివర్సిటీ, యూనివర్సిటీ దిగుండ్రి" అని మొత్తుకుంటడు, గోదాముల పనిచేసేటోళ్లు దిగుతరు. ఎంక్వైరీ కూడ సాగింది. పిలిచినప్పుడల్ల సారు పోయి, బల్ల మీద కూసోని, వాళ్ల గోడలు కొట్టి చూసి వచ్చెటోడు. ఆయన చనిపోయే నాటికి కూడ అది తెగలే.

ఫోన్ వచ్చినంక నేను ఉప్పల్‌కు పోయిన. మెట్రో పిల్లర్ల ఎనక గల్లీల సారు ఇల్లు. రిజిస్ట్రారు గారు నాకన్న ముందే ఉన్నడు, చేతుల ఒక శాలువ మడత, ఏం చెయ్యాల్నో తెల్వక. సంతాప సభ పెడ్దామా అని ఎవరో అంటుంటే సారు భార్య ఇన్నది. "సభలు వద్దయ్యా. ఆయనకు సభలు మస్తయినయి" అన్నది.

పాడె కడ్తుంటే గల్లీ మొదట్ల ఆటోలు ఆగినయి. ఆడపిల్లలు దిగిన్రు, ఇప్పుడు పిల్లలేంది, ఆడోళ్లు. చంకల బిడ్డలున్నోళ్లున్నరు, డ్యూటీ బట్టల మీదనే వచ్చినోళ్లున్నరు. ముందు రేణుక ఉన్నది. కాప్రాల ఒక బడిల టీచరు ఆ పిల్ల ఇప్పుడు. పాడె లేసింది. వాళ్లు ఎంట నడిచిన్రు. గల్లీ మూలమలుపు కాడ ఇంటి పెద్దమనిషి ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి, ఆడోళ్లు ఇక్కడిదాకనే అమ్మా, శ్మశానానికి రావొద్దు, ఇంగ మర్లిపోండ్రి అన్నడు.

రేణుక ఆగింది. గొంతు లేపలే. "ఆనాడు మేము లోపల పరీక్ష రాస్తున్నం బాపు. సారు ఎల్లిపోయిండని మాకు తెల్వలే" అన్నది.

ఆ పెద్దమనిషికి ఏం సమజ్ కాలే, ఎనకకు తిరిగి సారు భార్య దిక్కు చూసిండు. ఆమె ఇంటి గడపల నిలవడి ఉన్నది. రానియ్యి అన్నట్టు చెయ్యి ఊపింది.

మేమందరం ఉప్పల్ మెయిన్ రోడ్డు ఎక్కినం. బస్సులు ఆగినయి, జనం ఆగి చూసిన్రు, ఎవరో మస్తు పెద్దమనిషి అనుకున్నట్టున్నరు. శ్మశానం దాక నేను ఒక్క మాట మాట్లాడలే. రేణుక నా చెయ్యి పట్టుకోని నడిచింది.